ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

మీరే నర్సు అనుకోండి. ఇప్పుడే డ్యూటీ ఎక్కారు. మీకు నలుగురు రోగుల్ని అప్పగించారు.

ఒకటో మంచం: నిన్న అపెండిక్స్ ఆపరేషన్ అయిన కుర్రాడు. నొప్పి, నొప్పి అని కేకలు పెడుతున్నాడు.

రెండో మంచం: చక్కెర జబ్బు ఉన్న పెద్దాయన. పొద్దున్నే పరీక్ష చేస్తే షుగరు 250 ఉంది. టిఫిన్‌కి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి.

మూడో మంచం: ఆరు గంటల కిందట థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకున్న ఇల్లాలు. ఎవరినీ పిలవడం లేదు. కానీ ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి కీచుమని శబ్దం వస్తోంది.

నాలుగో మంచం: ఈ రోజే ఇంటికెళ్లాల్సిన ముసలమ్మ. కాగితాలు ఇంకా ఇవ్వలేదని పదిమంది చుట్టాలు తలుపు దగ్గర నిలబడి గొడవ చేస్తున్నారు.

చెప్పండి, ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

'మూడో మంచం' అన్నారా? అయితే మీకు ఒక మార్కు. ఆపరేషన్ చేసిన చోట వాపు వచ్చినా, లోపల రక్తం చేరినా అది గాలిగొట్టాన్ని నొక్కేస్తుంది. నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. కేకలు పెడుతున్న కుర్రాడికి కేక పెట్టేంత ఊపిరి ఉంది. గొడవ చేస్తున్న చుట్టాలకైతే చెప్పక్కర్లేదు! అందరికంటే నిశ్శబ్దంగా ఉన్న మనిషే అందరికంటే ప్రమాదంలో ఉంది.

అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే తప్పనిసరిగా నెగ్గాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకు సాధన చేసేవారు నెలల తరబడి కుస్తీ పట్టేది ఇలాంటి ప్రశ్నలతోనే. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు. పగలు వార్డులో డ్యూటీ, రాత్రి హాస్టల్ గదిలో ఫోన్ వెలుగులో ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న వెనక ఓ ఇంటి అప్పు, ఓ తమ్ముడి చదువు, ఓ ఎండిన బోరు ఉంటాయి.

వాన పడకపోయినా వచ్చే జీతం

ఒకప్పుడు మన దగ్గర ఏ ఆసుపత్రికి వెళ్లినా సిస్టర్ అంటే మలయాళీ అమ్మాయే అన్నట్టు ఉండేది. ఆడపిల్లను డాక్టరు చదివిస్తామని చెప్పుకునేవారే తప్ప, నర్సును చేస్తామనేవారు తక్కువ. రాత్రి డ్యూటీలు, పరాయివాళ్లకు సేవలు... అంటూ ముఖం చిట్లించేవారు.

అనంతపురంలో ఆ పట్టింపును సడలించిన వాటిలో కరువు కూడా ఒకటి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి సత్తువ కోల్పోతాయి. ఏడాది మొత్తానికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. దాన్నే నమ్ముకుని వేరుశనక్కాయ వేస్తారు. అదును తప్పితే గింజలు కూడా తిరిగి రావు. ఆ తర్వాత మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కడమే. అలాంటి చోట, వాన పడినా పడకపోయినా ఒకటో తారీఖున వచ్చే జీతం అంటే మాటలా! ఇంట్లో ఓ ఆడపిల్ల నర్సయితే అది ఎండిపోని బోరుతో సమానం.

ఆ దారి వేయడానికి కొన్ని సంస్థలు తోడయ్యాయి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన నెలకొల్పిన ఆర్‌డీటీ బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు కట్టింది. బత్తలపల్లిలో పల్లె ఆడపిల్లలకు నర్సింగ్ నేర్పే బడి పెట్టింది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991లో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి వచ్చింది. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో మొదలైంది. 2022లో జిల్లా రెండయ్యాక బత్తలపల్లి, పుట్టపర్తి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కానీ రెండు జిల్లాలదీ ఒకే ఎర్రమన్ను, ఒకే ఆకాశం.

గుండు ఎత్తే పందెం

మన దేశంలో నర్సింగ్ కోర్సు పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే చాలు, నర్సుగా పనిచేయవచ్చు. లైసెన్సు కోసం వేరే పరీక్ష అంటూ లేదు. అమెరికాలో అలా కాదు. అక్కడే పుట్టి, అక్కడే చదివినవారైనా సరే, ఎన్‌క్లెక్స్ రాయాల్సిందే. అక్కడి రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల ఉమ్మడి మండలి దీన్ని నడుపుతుంది. 2004 దాకా ఈ పరీక్షను అమెరికా గడ్డ మీద, దాని అధీనంలోని దీవుల్లో మాత్రమే పెట్టేవారు. అంటే పాసవుతామో లేదో తెలియకుండానే విమానం టికెట్టు కొనాలన్నమాట! 2005లో లండన్, హాంకాంగ్, సియోల్ నగరాల్లో కేంద్రాలు తెరిచారు. 2006లో మన దేశానికీ అవకాశం ఇచ్చారు. దాంతో అనంతపురం అమ్మాయికి పరీక్ష కేంద్రం బెంగళూరు దాకా దగ్గరైంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం. 2015 నుంచి కెనడా, 2020 నుంచి ఆస్ట్రేలియా కూడా ఈ పరీక్షనే వాడుకుంటున్నాయి.

పరీక్ష తీరే వింత. ఉగాదికి మన ఊళ్లలో గుండు ఎత్తే పందేలు చూసే ఉంటారు. ఒక గుండు ఎత్తినవాడికి ఇంకా బరువైనది ఇస్తారు. ఎత్తలేకపోతే తేలికది. ఇదీ అంతే. కంప్యూటర్ ఒక ప్రశ్న ఇస్తుంది. సరిగ్గా చెబితే తర్వాతి ప్రశ్న ఇంకాస్త కఠినం. తప్పితే కాస్త తేలిక. అలా తూచుకుంటూ పోయి, ఈ మనిషి గీతకు పైన ఉందో కింద ఉందో నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మకం కుదరగానే ఆపేస్తుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. అయిదు గంటల సమయం. వెనక్కి వెళ్లి జవాబు దిద్దుకునే వీలు లేదు.

దీంతో ఓ చిత్రమైన బాధ. ఎంత బాగా చదివినవారికైనా దాదాపు సగం ప్రశ్నలు తప్పుతాయి. ఎందుకంటే కంప్యూటర్ ఎప్పుడూ మీరు ఎత్తగలరో లేదో అన్నంత బరువే ముందు పెడుతుంది. అందుకే బయటికొచ్చిన ప్రతి అమ్మాయీ 'నా పని అయిపోయింది' అనుకుంటుంది. ర్యాంకు లేదు, మార్కుల్లేవు. పాసా, ఫెయిలా... అంతే!

తెలివి కాదు, అలవాటే అడ్డం

అమెరికాలో చదివినవారిలో పదికి ఎనిమిది, తొమ్మిది మంది తొలిసారే పాసవుతుంటే, బయటి దేశాల్లో చదివినవారిలో తొలిసారి గట్టెక్కేది సగం మంది అటూ ఇటూ. మన పిల్లలకు తెలివి లేకనా? కానే కాదు. ప్రశ్న వెనకున్న ఆసుపత్రి వేరు కావడం వల్ల. మచ్చుకి ఈ ప్రశ్న చూడండి.

'గుండె జబ్బుకు డిజాక్సిన్ మాత్ర, నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ వాడుతున్న రోగి. ఇప్పుడే వచ్చిన రక్తపరీక్షలో పొటాషియం 2.9 ఉంది. డిజాక్సిన్ ఇవ్వాల్సిన వేళయింది. నర్సు ఏం చేయాలి?'

పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. అది పడిపోయినప్పుడు డిజాక్సిన్ విషంలా మారి గుండె లయను చెడగొట్టవచ్చు. కాబట్టి మాత్ర ఇవ్వకుండా ఆపి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ సంగతి మన నర్సులు పుస్తకంలో చదివిందే. కానీ పెన్ను ఎక్కడ ఆగుతుందంటే... 'డాక్టరుగారు రాసిన మందును నేను ఆపడమేంటి?' అన్న దగ్గర. చిన్నప్పటి నుంచి ఇంట్లో పెద్దల మాటకు, బడిలో సారు మాటకు, వార్డులో డాక్టరు మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్ల. ఈ పరీక్ష ఆమెను 'నువ్వేం చేస్తావు?' అని నిలదీస్తుంది.

పోనీ, అన్నిటికీ 'డాక్టరును పిలుస్తాను' అని పెడితే సరిపోతుందా? అదీ కుదరదు. గుండె బలహీనమై, వెల్లకిలా పడుకుని ఆయాసపడుతున్న రోగి కనిపిస్తే ముందు చేయాల్సింది ఫోన్ కాదు. తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టాలి. క్షణంలో తన చేతులతో చేయగలిగింది చేశాకే కబురు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తెలియాలి.

ఇంకో తికమక చుట్టాలతో వస్తుంది. మన ఆసుపత్రిలో రోగికి అన్నం తినిపించేది, ఒళ్లు తుడిచేది, బాత్‌రూమ్‌కి నడిపించేది అమ్మో, అక్కో, భార్యో. అమెరికా వార్డులో ఆ పనులకు సహాయకులు ఉంటారు. 'ఈ నాలుగు పనుల్లో ఏది సహాయకురాలికి అప్పగిస్తావు?' అని ప్రశ్న. కొత్తగా చేరిన రోగిని తొలిసారి పరీక్షించడం, ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పడం, రక్తం ఎక్కుతున్నప్పుడు తేడా వచ్చిందేమో తేల్చడం, నిలకడగా ఉన్న రోగికి స్నానం చేయించడం. జవాబు చివరిదే. పరిశీలన, బోధన, నిర్ణయం... ఈ మూడూ నర్సు చేతిలోంచి జారకూడదు. మన వార్డులో చుట్టాలు చేసే పని కాబట్టి దాన్ని ఒకరికి 'అప్పగించడం' అనే ఆలోచనే మనవారికి కొత్త.

మందుల పేర్లూ వేరే. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. మన అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్ అవుతుంది. పెథిడిన్ ఏమో మెపెరిడిన్. పదేళ్లుగా చేత్తో ఇస్తున్న మందే, పేరు మారితే పరాయిదై కూర్చుంటుంది.

మన వార్డు నేర్పిన పాఠాలు

అయితే అన్నీ అడ్డంకులే కాదు. కొన్ని ప్రశ్నలు మన పిల్లలకు పప్పన్నం. '1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు. నిమిషానికి ఎన్ని చుక్కలు?' వెయ్యిని ఇరవైతో హెచ్చించి, 480 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. అక్కడ మిషన్లు చేసే పనిని మన నర్సు గడియారం పట్టుకుని, చుక్కలు లెక్కపెట్టి నేర్చుకుంది. క్షయ రోగిని ఎలాంటి గదిలో ఉంచాలి, ఎలాంటి మాస్కు పెట్టుకోవాలి అన్న ప్రశ్నా అంతే. హెచ్‌ఐవీ, క్షయ రోగులను పెద్దసంఖ్యలో చూసే బత్తలపల్లి లాంటి చోట పనిచేసినవారికి అది రోజువారీ పని.

2023 ఏప్రిల్ నుంచి పరీక్షలో పెద్ద మార్పు వచ్చింది. ఒక రోగి కథను కేస్‌షీటుతో సహా ముందు పెట్టి, దాని మీద ఆరు ప్రశ్నలు అడుగుతున్నారు. ఏ లక్షణాలు పట్టించుకోవాలి, అవి దేన్ని చెబుతున్నాయి, వాటిలో ఏది ముందు, ఏమేం చేయవచ్చు, ఏం చేస్తావు, చేశాక ఫలితం కనిపించిందా... ఇవీ ఆ ఆరు మెట్లు.

దీన్ని మన ఊరి కేసుతో చూద్దాం. పొలంలో మందు కొడుతూ కొడుతూ కూలిపోయిన రైతును ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట. నోట్లోంచి నురగ. కంటిపాపలు సూదిమొనంత. నాడి నెమ్మదిగా ఉంది. ఇవి లక్షణాలు. ఇవన్నీ కలిస్తే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు అయి ఉండొచ్చని అర్థం. ముందు చూడాల్సింది నోట్లో, ఊపిరితిత్తుల్లో చేరుతున్న నీరు ఊపిరిని ఆపేయకుండా. చేయగలిగినవి: గ్లౌజులు వేసుకోవడం, నోరు శుభ్రం చేసి ఆక్సిజన్ పెట్టడం, మందు తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు కడగడం, డాక్టరు చెప్పిన మోతాదులో అట్రోపిన్ ఇవ్వడం. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, నాడి పెరిగిందా అన్నది ఫలితం. ఆరు మెట్లూ అయిపోయాయి! కరువు సీమ అత్యవసర వార్డులో ఓ ఏడాది పనిచేసిన నర్సు ఈ ఆరు మెట్లనూ పరుగెత్తుతూ ఎక్కే ఉంటుంది. వాటిని ఇంగ్లిషులో, వరుసలో పెట్టుకోవడమే ఆమె నేర్చుకోవాల్సింది.

'అవే ప్రశ్నలు' అమ్ముతామంటే...

సాధన ప్రశ్నలు ఉన్నచోట అడ్డదారి ప్రశ్నలూ ఉంటాయి. 'నిన్న పరీక్షలో వచ్చినవే ఇవి, బట్టీ పట్టండి చాలు' అనేవారు ఎప్పుడూ ఉంటారు. ఫిలిప్పీన్స్‌లో జరిగింది గుర్తు చేసుకోవాలి. 2006 జూన్‌లో అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్షను 40 వేల మందికి పైగా రాశారు. కొన్ని ప్రశ్నలు ముందే కోచింగ్ కేంద్రాలకు చేరాయని బయటపడింది. 2007 ఫిబ్రవరిలో అమెరికా వీసాకు అవసరమైన ధ్రువపత్రం ఇచ్చే సంస్థ తేల్చి చెప్పింది: ఆ విడత పాసైనవారు లీకైన భాగాలను మళ్లీ రాసి నెగ్గితే తప్ప ధ్రువపత్రం ఇవ్వం అని. కొందరు చేసిన తప్పుకు, నిజాయితీగా చదివిన వేలమంది కూడా మళ్లీ పుస్తకం పట్టాల్సి వచ్చింది.

ఎన్‌క్లెక్స్‌లో అయితే ప్రశ్నలు బయటపెట్టబోమని రాసేవారితో ముందే ఒప్పందం చేయిస్తారు. అయినా, ఎవరికి తగ్గ ప్రశ్న వారికొచ్చే పరీక్షలో పక్కవాడి ప్రశ్నలు బట్టీ పట్టి లాభమేంటి? నిన్నటి ప్రశ్నలో మూడో మంచం జవాబైతే, రేపటి ప్రశ్నలో అది ఒకటో మంచం కావచ్చు.

సాధన చేసేవారికి

- రోజుకు ఎన్ని ప్రశ్నలు చేశామన్నది కాదు, ఎన్నిటికి కారణం చెప్పగలమన్నదే లెక్క. సరైన జవాబు ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో సొంత మాటల్లో చెప్పాలి. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు.
- తప్పులకు ఓ నోట్‌బుక్ పెట్టండి. తెలియక తప్పిందా, తొందరలో సరిగ్గా చదవక తప్పిందా, తెలిసీ భయపడి మార్చారా... మూడూ వేరు వేరుగా రాయండి. రోగం తెలిస్తేనే కదా మందు!
- నలుగురు రోగుల ప్రశ్నలో ముందు గాలిదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ. కొత్తగా వచ్చిన తేడా పాత బాధ కంటే ముందు.
- 'వర్తించేవన్నీ గుర్తించండి' అన్న ప్రశ్నలో ప్రతి వాక్యాన్నీ విడిగా అవునా, కాదా అని తేల్చండి. 2023 నుంచి సరైన ప్రతి గుర్తుకూ మార్కు ఉంది. తప్పు గుర్తు పెడితే ఆ మార్కు పోతుంది. గుడ్డిగా అన్నీ పెట్టేస్తే నష్టమే.
- వారానికోసారైనా అయిదు గంటలు కదలకుండా కూర్చుని రాయండి. చదువుతో పాటు నడుముకూ సాధన కావాలి.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట

ఈ పరీక్ష ఫీజు 200 డాలర్లు. మన దేశంలో రాస్తే మరో 150. సర్టిఫికెట్ల పరిశీలన, ఇంగ్లిష్ పరీక్ష ఖర్చులు వేరే. తప్పితే కనీసం 45 రోజులు ఆగి మళ్లీ ఫీజు కట్టాలి. పాసైన మర్నాడే విమానం రాదు. మన దేశంలో పుట్టినవారికి అమెరికా గ్రీన్‌కార్డు వరుస ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. ఇవన్నీ తెలుసుకున్నాకే అప్పు చేయాలి. 'మూడు నెలల్లో పంపిస్తాం' అనే ఏజెంటు మాట విని పొలం తాకట్టు పెట్టకూడదు.

అమెరికా ఒక్కటే దారి కూడా కాదు. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి 2020 నుంచి నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. మంగళగిరి ఎయిమ్స్ మన ముంగిట్లోనే ఉంది. ఏ పరీక్ష రాసినా, ఏది ముందో తేల్చుకునే సాధన వృథా పోదు.

అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లు ఇవ్వాల్సింది డబ్బు కాదు, సమయం. డ్యూటీ దిగొచ్చిన పిల్లకు ఓ రెండు గంటలు పని చెప్పకుండా వదిలేయండి. ఒక్కసారి తప్పితే 'నీ వల్ల కాదులే' అనకండి. 'నువ్వేం చేస్తావు?' అని అడిగే పరీక్షకు సిద్ధమవుతున్న అమ్మాయిని, ఇంట్లో కూడా అప్పుడప్పుడు ఆ మాట అడగండి. పెళ్లి గురించి, జీతం గురించి, అప్పు గురించి... ఆమె మాటా వినండి. ఇంట్లో నిర్ణయం తీసుకోని పిల్ల వార్డులో ఒక్కసారిగా ఎలా తీసుకుంటుంది?

కావాలంటే ఈ రాత్రి ఓ పని చేయండి. మొదట్లో చెప్పిన నలుగురు రోగుల ప్రశ్నను ఇంట్లో అమ్మకో, అవ్వకో వినిపించండి. ఇంగ్లిషు రాదు, నర్సింగ్ చదవలేదు. అయినా చాలామంది చెప్పే జవాబు ఒకటే: 'ఊపిరాడని మనిషిని ముందు సూడల్ల గదా!'

ఆ మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. అదే మాటను వార్డు మధ్యలో నిలబడి, డాక్టరు ముందైనా సరే, బెదరకుండా చెప్పగలిగే రోజున ఆ అమ్మాయి నర్సు అయినట్టు. ఆమె రేపు టెక్సస్‌లో ఉన్నా, బత్తలపల్లిలోనే ఉన్నా, మూడో మంచం మీదున్న ఇల్లాలికి కావాల్సింది అలాంటి నర్సే.